పండింది ఆకా, పాతబడింది కెమెరానా?

జనవరి వచ్చిందంటే మా జక్రాన్‌పల్లి చుట్టూ పసుపు చేలు పండబారతాయి. ఆకు వాలి ఎండితే తవ్వకానికి వేళయినట్టు. అదే పసుపుదనం అక్టోబరులో కనబడితే దుంపకుళ్లేమోనని రైతుకు నిద్ర పట్టదు. 817 కిలోమీటర్ల ఎత్తున తిరిగే రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహం కూడా ఈ రంగు మార్పును పట్టుకుంటుంది. అయితే అక్కడ ఇంకో అనుమానం తోడవుతుంది: మారింది చేనా, కెమెరానా? దాన్ని తీర్చేదే కాలిబ్రేషన్. ఉపగ్రహ విద్యలో నాకు అన్నిటికన్నా గౌరవం ఈ పని మీదే.

ఆ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాకు ఒక్కో రంగుకు 6000 సెన్సర్లు వరసగా ఉంటాయి. ఒక్కోటి నేల మీద 23.5 మీటర్ల చదరాన్ని చూస్తుంది. ఎకరం చేనుకు సుమారు ఏడు చుక్కలన్నమాట. పడిన వెలుగు విద్యుత్తుగా, ఆ విద్యుత్తు 0 నుంచి 1023 లోపు ఒక అంకెగా మారుతుంది. చిక్కంతా ఈ మార్పిడిలోనే. వెలుగు పడకపోయినా సెన్సర్ కొంత విద్యుత్తు పుట్టిస్తుంది, వేడెక్కితే మరికొంత. బస్తా పెట్టకముందే యార్డులో కాంటా రెండు కిలోలు చూపినట్టు! చీకట్లో అది చూపే అంకెను ముందే కొలిచి తీసేయాలి. పైగా ఒకే వెలుగుకు ఒక సెన్సర్ 400 అంటే పక్కది 405 అనవచ్చు. సరిచేయకపోతే చిత్రం నిండా నిలువు గీతలే. అందుకే ప్రయోగానికి ముందే, తెలిసిన వెలుగు చూపించి ఒక్కో సెన్సర్ లెక్క రాసిపెడతారు.

పైకి వెళ్లాక కెమెరాను విప్పి చూడలేం. లోపలే అమర్చిన ఎల్‌ఈడీలు వెలిగించి పరీక్షిస్తారు. ఆ దీపాలూ పాతబడతాయి కదా! కాబట్టి ఉపగ్రహం మీదుగా పోయే వేళకు కచ్ చిన్న రణ్ లాంటి చదునైన బీడు నేలల్లో శాస్త్రవేత్తలు పరికరాలతో నిలబడి, నేల నుంచి తిరిగొచ్చే వెలుగును కొలిచి సరిచూస్తారు. అమెరికా ఉపగ్రహం లాండ్‌శాట్-8 అయితే ఇలా సరిచూసుకోవడానికి నెలనెలా చంద్రుణ్ణి చూస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, పచ్చటి ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. పైరు ఆరోగ్యాన్ని ఆ రెండింటి పోలికతోనే లెక్కిస్తారు. పరారుణ సెన్సర్లు మాత్రమే కాస్త మందగించినా బంగారంలాంటి చేను రోగిష్టిదిగా తేలుతుంది.

ఆర్మూరు, నిజామాబాదు కళాశాలల విద్యార్థులకు ఒక మాట. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వారి భూనిధి వెబ్‌సైటులో లిస్-3 చిత్రాలు ఉచితం. మన మండలం బొమ్మతోపాటు వచ్చే వివరాల ఫైల్లో, అంకెను వెలుగుగా మార్చే విలువలు రంగురంగుకూ ఉంటాయి. బొమ్మకన్నా ముందు ఆ ఫైలు తెరవండి.