స్వాగతం పలికేదెవరు?

సారా అహ్మద్ రాసిన 'ఆన్ బీయింగ్ ఇన్‌క్లూడెడ్' (2012) విశ్వవిద్యాలయాల పాలన గురించిన పుస్తకమనుకోవచ్చు. నాకు మాత్రం అది ఒక్క మాట మీద రాసిన విమర్శ అనిపిస్తుంది. ఆ మాట 'స్వాగతం'. నల్లజాతి వాళ్ళనీ, ఆసియా వాళ్ళనీ స్వాగతిస్తున్నామని ఒక సంస్థ ప్రకటించిందంటే ఇల్లెవరిదో, చుట్టమెవరో ముందే తేలిపోయినట్టు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూరలో ఉప్పెక్కువైందని అనకూడదు కదా!

బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో డైవర్సిటీ పని చూసే ఉద్యోగులతో చేసిన 21 ఇంటర్వ్యూలు ఈ పుస్తకానికి ఆధారం. బ్రిటన్‌లో 2000లో చట్టాన్ని సవరించాక విశ్వవిద్యాలయాలు జాతి సమానత్వ విధాన పత్రాలు రాసుకోవలసి వచ్చింది. తను పనిచేసే చోట ఆ పత్రం రాసినవాళ్ళలో అహ్మద్ కూడా ఉంది. అక్కడున్న వివక్ష గురించి అందులో రాశారు. పత్రానికి మంచి మార్కులొచ్చాయి. దాంతో జాతి సమానత్వంలో మనం భేష్ అని పై అధికారి అందర్నీ అభినందించాడు! సమస్యని చెప్పిన కాగితమే సమస్య లేదనడానికి రుజువైపోయింది. నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఈ పేజీల దగ్గరే.

ఉద్యోగుల నెట్‌వర్క్‌లకీ ఇదే గతి పట్టొచ్చు. కానీ వాటి పుట్టుక వేరు. అమెరికాలోని రోచెస్టర్‌లో 1964లో నల్లవాళ్ళ తిరుగుబాటు తర్వాత, ఆ ఊరి కంపెనీ జెరాక్స్ నల్లవాళ్ళకి ఉద్యోగాలివ్వడం పెంచింది. లోపలికి వెళ్ళాక చూస్తే, సేల్స్‌లో లాభసాటి ప్రాంతాలు వాళ్ళకి దక్కడంలేదు. పనయ్యాక ఒకరిళ్ళల్లో ఒకరు కలుసుకుని మెళకువలు నేర్పుకున్నారు. 1971లో కోర్టుకెక్కారు. అది ఎవరో పలికిన స్వాగతం కాదు. యాజమాన్యం ఇచ్చినదైతే మళ్ళీ యాజమాన్యమే తీసేసుకోగలదు. 2025 జనవరిలో ట్రంప్ ఉత్తర్వులతో ఫెడరల్ కార్యాలయాల డైవర్సిటీ విభాగాలు ఎలా మూతపడ్డాయో చూశాం.

అదే జెరాక్స్‌లో నల్ల స్త్రీలు 1986లో విడిగా తమ సంఘం పెట్టుకున్నారు. ఆ అవసరమేమిటో కింబర్లే క్రెన్షా 1989 వ్యాసం చదివితే తెలుస్తుంది. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్ల స్త్రీలు వేసిన కేసుని అందులో ఆమె విశ్లేషించింది. కంపెనీ ఎప్పట్నుంచో స్త్రీలని తీసుకుంటోంది కాబట్టి స్త్రీ వివక్ష లేదంది కోర్టు, 1976లో. ఆ స్త్రీలు తెల్లవాళ్ళు! రెండు వివక్షలూ కలిపి అడగడానికి వీల్లేదని కూడా అంది. 'నల్లపొద్దు' (2003) చదివిన మనకి ఈ చోటులేనితనం కొత్తేమీ కాదు.

నెట్‌వర్క్ లోపల కూడా ఇంటివాళ్ళూ చుట్టాలూ ఉంటారు. అమెరికా కంపెనీల్లో మన తెలుగు ఇంజనీర్లు ఏ కులం వాళ్ళయినా 'దక్షిణాసియా' అన్న ఒక్క పేరు కిందికే వస్తారు. 2022 ఏప్రిల్‌లో, దళిత చరిత్ర మాసం సందర్భంగా, గూగుల్‌లో తేన్‌మొళి సౌందరరాజన్ కులం గురించి మాట్లాడాలి. కొందరు ఉద్యోగులు అభ్యంతరం చెప్పారు, ప్రసంగం రద్దయింది. దాన్ని ఏర్పాటు చేసిన తనూజా గుప్తా ఆ ఏడాదే ఉద్యోగం వదిలేసింది. రంగు దగ్గర చుట్టాలైనవాళ్ళే కులం దగ్గరికొచ్చేసరికి ఇంటివాళ్ళయిపోయారు.

అహ్మద్ పుస్తకంలో నాకు తోచిన లోటు ఒకటుంది. ఇంటర్వ్యూలిచ్చింది డైవర్సిటీయే ఉద్యోగమైనవాళ్ళు. అవే భవనాల్ని తెల్లారకముందే తుడిచి వెళ్ళిపోయే వలస స్త్రీలకి ఏ నెట్‌వర్క్ నుంచి పిలుపొస్తుంది? మధ్యాహ్నం సమావేశం మొదలయ్యేసరికి వాళ్ళు ఇంకో చోట పనిలో ఉంటారు.

విద్యార్థినులపై లైంగిక వేధింపుల్ని సరిగా పట్టించుకోలేదని నిరసనగా అహ్మద్ 2016లో గోల్డ్‌స్మిత్స్‌లో తన ఉద్యోగానికి రాజీనామా చేసింది. 2021లో 'కంప్లెయింట్!' రాసింది. అందులో మాట్లాడేది అధికారులు కాదు, ఫిర్యాదు చేసినవాళ్ళు. రెండూ దొరికితే రెండోదే ముందు చదవండి.