రెండు చిత్రములు - ఒకే ఆకాశము

ఇటీవల ఒక పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనమునకు న్యాయనిర్ణేతగా పోయితిని. అందు ఉప్పల్, నాచారములను చూపు చిత్రఫలకము పెక్కుమందిని ఆకర్షించినది. వర్షము వెలిసిన మధ్యాహ్నమున నాచారము పారిశ్రామికవాడను, శీతకాలపు ఉదయమున ఉప్పల్ నల్లచెరువును ఫోటో తీసి విద్యార్థులు పక్కపక్కన అతికించిరి. రెండింటను ఆకాశము ఒకే నీలము.

కూర్పు ముచ్చటగానే యున్నది. కాని చెరువు వంక చూచినంతనే సందేహము కలిగినది. పైన ఆకాశము నీలముగా నుండగా, నీటిలోని దాని ప్రతిబింబము తెల్లబారి యున్నది! గట్టుమీది చెట్లకు నీడలును స్పష్టముగా లేవు. అడుగగా, "రంగులు కలియలేదండీ, కంప్యూటరులో సరిచేసినాము" అనిరి.

ఈ సరిచేయుట యనగా నేమి? డిజిటల్ చిత్రమున ప్రతి బిందువునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలములను తెలుపు మూడు సంఖ్యలుండును. సాధారణముగా ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు. తెల్లని ఆకాశమున ఎరుపు సగటు 190, నీలాకాశమున 110 అనుకొందము. సాఫ్ట్‌వేర్ మొదటి దానినుండి 80 తీసివేయును. మిగిలిన రెండు రంగులను గూడ అట్లే సరితూచును. అది లెక్క చేయగలదు. ఆ తేడా ఏల కలిగెనో ఎరుగదు.

మనము ఎరుగుదుము. రేలీ 1871లో చూపినట్లు, గాలి అణువులు వెలుగును చెదరగొట్టుట తరంగదైర్ఘ్యపు నాల్గవ ఘాతమునకు విలోమముగా నుండును. 450 నానోమీటర్ల నీలము, 650 నానోమీటర్ల ఎరుపు కంటె నాలుగు రెట్లకు పైగా చెదరును. మంచు తుంపరలు, దుమ్ము, పొగ కణములు అణువుల కంటె చాల పెద్దవి. అవి అన్ని రంగులను ఇంచుమించు సమముగా చెదరగొట్టును గనుక ఆకాశము తెల్లబడును. వాన గాలిని కడుగును. చలి ఉదయములందు దుమ్ము, పొగ నేలదాపుననే నిలిచిపోవును. కావున ఆ తేడాయే ఫలకమునకు ప్రాణము. పిల్లలు దానినే తుడిచివేసిరి.

రంగులు కలుపుట తప్పని నేననను. నాచారమున ఎన్.టి. రామారావు స్టూడియో నెలకొల్పిరి. పలుదినములు తీసిన సన్నివేశమున ఆకాశము ఒకటిగా కనబడుట సినిమాకు అవసరము. ఉప్పల్‌లో భారత సర్వేక్షణ శాఖ శిక్షణ సంస్థ కలదు. విమానచిత్రములను అతుకు తెలియకుండ కూర్చునపుడు సర్వేయరులును ఛాయలు సరిచేయుదురు. వారికి కావలసినది నేల, ఆకాశము కాదు. ఆకాశమునే చూపదలచినవానికి ఆ స్వేచ్ఛ లేదు.

అయితే కెమెరా సాక్ష్యమును పూర్తిగా నమ్మరాదు. అది తెలుపును తానే నిర్ణయించుకొని రంగులు మార్చుచుండును. అందుచే ఆ ఏర్పాటును స్థిరముగా నుంచి, ఒకే గంటకు, ఒకే దిక్కున, అంచున ఒక తెల్లకాగితము కనబడునట్లు తీయవలెను. రెండు చిత్రములలోను కాగితము ఒకే తెలుపుగా వచ్చునట్లు సరిచేసిన పిమ్మట మిగిలిన తేడా చాలవరకు ఆకాశముదే.

ఫలకమునకు బహుమతి ఈయలేకపోతిని. పిల్లల ముఖములు చిన్నబోయినవి. అసలు చిత్రములు చూపుమనగా ఫోనులో చూపిరి. ఆ తెల్లని ఆకాశమునే అతికించి, క్రింద తేదీ, వేళ వ్రాసియున్నచో మొదటి బహుమతి వారిదే యగును. ఉపాధ్యాయులు ఈ మాట ప్రదర్శనమునకు ముందే చెప్పవలెను.