చేయి చాపితే అందే కథ

ఒగ్గుకథకు ఎంత జాగా కావాలి? ఒక పట్నం వేసేంత, దాని ముందు కథకుడు నాలుగడుగులు వేసి గిరుక్కున తిరిగేంత, చుట్టూ ఇంటి చుట్టాలూ వాడకట్టువాళ్లూ ఒకరినొకరు ఒరుసుకుని కూర్చునేంత. సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో మల్లన్న పట్నాలు చేసుకునే ఇంటి వాకిలి సరిగ్గా అంతే ఉంటుంది. పెద్ద వేదిక దొరకక వాకిట్లో చెప్పుకున్నారని కొందరు జాలిపడతారు. ఆ జాలి అక్కర్లేదు. ఒగ్గుకథలోని పనితనమంతా ఆ కొద్దిపాటి దూరాన్ని నమ్ముకుని తయారైంది.

ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. దాన్ని పట్టి మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవాళ్లు గొల్ల కురుమల ఒగ్గు పూజారులు. వాళ్లకు కొమురవెల్లి పెద్ద దిక్కు. 2016లో జిల్లాలు మారినప్పటి నుంచి ఆ గుట్ట సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి మల్లన్న పుట్టమన్నుతో చేసిన మూర్తి. ఒక పక్క బలిజ మేడలమ్మ, ఇంకో పక్క గొల్ల కేతమ్మ. గుడిలో వీరశైవ అర్చకుల పూజ జరుగుతుంటే, ఆవరణలో ఒగ్గువాళ్లు పట్నాలు వేస్తుంటారు. ఒకే దేవుడికి రెండు తీర్ల కొలుపు.

కథ మొదలయ్యేది పట్నంతోనే. పంచరంగుల పొడులతో నేలమీద గీసే పెద్ద ముగ్గు అది. గీసేదాకా అది మామూలు వాకిలి, గీశాక దేవుడు దిగివచ్చే చోటు. ఎవరూ దాన్ని తొక్కరు కాబట్టి జనం అంచుల వెంట సర్దుకుంటారు. కథకుడు దేవుడికీ జనానికీ నడుమ నిలబడతాడు. ఎవరు ఎక్కడుండాలో ఆ ముగ్గే చెబుతుంది. బండారి చల్లినప్పుడు ఆ పసుపు అందరి మీదా పడుతుంది.

బృందం చిన్నదే. ప్రధాన కథకుడు, పక్కన వంత, డోళ్లు, తాళాలు. వంతపాడే మనిషిని చాలామంది తక్కువగా చూస్తారు కానీ సగం కథ అతనిదే. కథకుడు ఒక మాట అనగానే దాన్ని అందుకుంటాడు, సాగదీస్తాడు, వినేవాళ్ల మనసులో మెదిలే ప్రశ్నను తానే అడుగుతాడు. చిన్న వాకిట్లో ఆ పని ఒక్కోసారి ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ చేతిలోకి పోతుంది. "అయ్యో, మరి పిల్ల ఏమైంది కొడుకా?" అని ఆమె అడిగితే కథకుడు ఆమెకే జవాబు చెబుతాడు. అంతటితో ఆమె కూడా వంత అయిపోతుంది.

వేషం మార్చడానికి తెర వెనక్కి పోయే పని లేదు. భుజం మీది బట్ట కొంగై తలమీదికి వస్తే కేతమ్మ, అదే బట్ట తలపాగా అయితే మల్లన్న. నడుమ తేడా చూపేది కళ్లు, మెడ వంపు, గొంతులో ఒక చిన్న మలుపు. ఇవి పది అడుగుల లోపల కూర్చున్నవాళ్లకే అందుతాయి. డోలు సంగతీ అంతే. లగ్గం ముచ్చట్లలో దాన్ని అరచేత్తో మెత్తగా తడతారు, కొట్లాట రాగానే పుల్ల అందుకుంటారు. ఆ రెంటికీ నడుమ వంద మెట్లున్నాయి. కాలి గజ్జెలు మాట విరిచిన చోట తాళం నిలబెడతాయి.

కథ మధ్యలో ఎవరో కట్నం చదివిస్తారు. కథకుడు ఆగి, ఇంటిపేరు అడిగి, ఆ ఇంటి పాడిపంటలను దీవించి, ఆపిన చోటునుంచే మళ్లీ ఎత్తుకుంటాడు. పిల్లలు జోగుతుంటే నవ్వించే ఘట్టం ముందుకు జరుపుతాడు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటుంటే ఆ ఘట్టాన్నే మరికాసేపు పాడతాడు. ముఖాలు కనబడితేనే ఇదంతా సాధ్యం.

ఇదే లెక్క చేర్యాల నకాషీ పటంలోనూ కనిపిస్తుంది. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన బట్టమీద, ఎర్రటి నేపథ్యంలో గీసిన ఆ పటం పదుల అడుగుల పొడవుంటుంది, వెడల్పు మాత్రం మూడడుగులు. కథకుడు ఒక్కో బొమ్మా విప్పుతూ పుల్లతో చూపిస్తూ పోతాడు. మూడడుగుల బొమ్మను ఎంతమంది చూడగలరో అంతమందే శ్రోతలు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ఒక్కో కులానికీ దాని కథ చెప్పేవాళ్లు విడిగా ఉన్నారు. ఇవాళ ఆ పటం ముక్కలై గోడలకెక్కింది. బొమ్మ బతికినందుకు సంతోషమే. దాన్ని విప్పి కథ చెప్పే గొంతుకు మాత్రం పిలుపులు తగ్గాయి.

చిన్నచోటు విలువ మన ఊళ్లకే పరిమితం కాదు. లివర్‌పూల్‌లో ఒకప్పుడు పండ్ల గోదాముగా ఉన్న ఒక నేలమాళిగను 1957లో కావెర్న్ క్లబ్‌గా తెరిచారు. 1961 నుంచి 1963 దాకా బీటిల్స్ అక్కడ దాదాపు 300 సార్లు వాయించారు. న్యూయార్క్‌లో 1973 నుంచి 2006 దాకా నడిచిన సీబీజీబీ అనే ఇరుకు బార్‌లో రమోన్స్ లాంటి రాక్ బృందాలు పదునెక్కాయి. చెమట వాసన తెలిసేంత దగ్గర్లో జనం ఉంటే వాయించేవాడికి దాక్కునే చోటుండదు. పాట తేలిపోయిన క్షణం అతనికి వెంటనే తెలుస్తుంది, మరుసటి రాత్రికి దాన్ని దిద్దుకుంటాడు. వాకిట్లో ఒగ్గు కథకుడు నేర్చుకునేదీ అలాగే.

పెద్ద వేదికలు చేసిన మేలునూ కాదనను. చుక్క సత్తయ్య ఒగ్గుకథను పల్లె దాటించి రాష్ట్రమంతా వినిపించారు. వేములవాడ ప్రాంతపు మిద్దె రాములు 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా దాన్ని మోసుకెళ్లారు. వాళ్లు వేదికమీద నిలబడగలిగింది అంతకుముందు ఎన్నో రాత్రులు వాకిళ్లలో తెల్లవార్లూ చెప్పినందువల్లనే. ఆ రాత్రులు లేకుండా నేరుగా వేదికెక్కే కుర్రవాళ్ల గురించే నా దిగులు. ఇప్పుడు ప్రభుత్వ సభల్లో, ఊరేగింపుల్లో ఒగ్గుడోలు విన్యాసాలకు గిరాకీ బాగా ఉంది. ఒకరి భుజాలమీద ఒకరెక్కి డోలు కొడుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో కథ లేదు, మెత్తటి దెబ్బ లేదు, ముసలమ్మ ప్రశ్నకు తావు లేదు. మైకుల హోరులో డోలుకు ఒకే ఒక్క స్వరం మిగిలింది. తెల్లవార్లూ సాగవలసింది పావుగంటకు కుదించుకుపోతే ముందుగా రాలిపోయేది వంత, ఆ తర్వాత కథ.

కాబట్టి సాంస్కృతిక కార్యక్రమాలకు డబ్బు పెట్టేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. ఒక పెద్ద సభకయ్యే ఖర్చును పది వాడలకు పంచండి. మైకు లేకుండా, గడియారం చూడకుండా, ఒక్కో వాడలో ఒక రాత్రి పూర్తి కథ చెప్పించండి. వంతకూ డోళ్లవాళ్లకూ కథకుడితో పాటు గౌరవంగా ముట్టజెప్పండి. పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లవాడికి కూడా కొంత ఇవ్వండి. వాడు ఆ రాత్రి కూలి పోగొట్టుకుని వచ్చి ఉంటాడు.

వినాలనుకునేవాళ్లు అందాకా ఆగనక్కర్లేదు. కొమురవెల్లి జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. మొదటి ఆదివారం పట్నంవారం, హైదరాబాద్ జనం వస్తారు. తర్వాతది లష్కర్‌వారం, సికింద్రాబాద్ వాళ్లది. శివరాత్రి రాత్రి పెద్దపట్నం వేస్తారు, చూడాల్సిందే, కానీ ఆ జనంలో కథ చెవిన పడదు. రద్దీ తగ్గిన ఆదివారం ఒకటి చూసుకుని, గంగిరేగు చెట్టు దగ్గర ఎవరో ఒక కుటుంబం పట్నం వేయించుకుంటుంటే, అడిగి పక్కన కూర్చోండి. ఎవరూ కాదనరు.