నంబరు ఇచ్చినవాడినే అడగాలి

పిల్లల పుస్తకాలు అమ్మే ఒక చిన్న వెబ్‌సైటుకు చాలా ఏళ్ల క్రితం కోడు రాశాను. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది. ఒకరి బిల్లులోకి ఇంకెవరో కొన్న ఎక్కాల పుస్తకం వచ్చి చేరిందట. ఆ ఇంకొకరి బిల్లేమో ఖాళీ. డబ్బు మాత్రం ఇద్దరి నుంచీ సరిగ్గానే పడింది.

ఆర్డరు వివరాలు ఒక టేబుల్లో, అందులోని పుస్తకాలు ఇంకో టేబుల్లో ఉంటాయి. రెంటినీ కలిపే ముడి ఆర్డరు ఐడీ. ఆ నంబరును మన ప్రోగ్రాము పెట్టదు, ఆటో ఇంక్రిమెంట్ పేరుతో డేటాబేసే వేస్తుంది. కాబట్టి రికార్డు చేర్చగానే దానికి ఏ నంబరు పడిందో తెలుసుకోవాలి, అప్పుడే పుస్తకాల వరుసలు రాయగలం. అందుకు నేను ‘సెలెక్ట్ మాక్స్ ఐడీ’ అని అడిగాను. టేబుల్లో అన్నిటికన్నా పెద్ద నంబరు నాదే అయ్యుంటుందని నమ్మాను.

గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. చెప్పులు ఇచ్చి టోకెను తీసుకోకుండా నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ‘ఆఖరు నంబరెంత బాబూ?’ అని అడిగితే, ఈలోగా వచ్చినవాళ్ల నంబరు చెబుతాడు. అతను చెప్పింది నిజమే, చెప్పులే మనవి కావు.

మైఎస్‌క్యూఎల్‌లో ‘లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ’ అనే ఫంక్షను ఉన్నది ఇందుకే. పీహెచ్‌పీలో పీడీఓ వాడేవాళ్లకు అదే పేరుతో మెథడ్ ఉంటుంది. దాని గొప్పంతా ఒక్క గుణంలో ఉంది: ఆ నంబరును డేటాబేసు కనెక్షను వారీగా గుర్తుపెట్టుకుంటుంది. పక్క కనెక్షన్లలో వెయ్యి రికార్డులు చేరినా మన జవాబు మారదు. అయితే అడిగేది కూడా అదే కనెక్షను మీద అడగాలి. కనెక్షన్ పూల్ వాడేచోట ఇన్సర్టు ఒకదాని మీద, ప్రశ్న ఇంకోదాని మీద వెళ్తే మళ్లీ మొదటికే వస్తాం. ఒకే ఇన్సర్టులో పది వరుసలు వేస్తే వచ్చేది ఆఖరిది కాదు, మొదటి వరుస నంబరు. ఇది తెలియక కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మెలిక వేరు. అక్కడ ‘యట్ యట్ ఐడెంటిటీ’ మన కనెక్షనుకే పరిమితం, అయినా మోసపోవచ్చు. ఆర్డరు టేబుల్ మీద ఎవరో ట్రిగ్గరు పెట్టి, ప్రతి ఆర్డరుకూ లాగ్ టేబుల్లో ఒక వరుస రాయిస్తున్నారనుకోండి. అప్పుడు చేతికొచ్చేది లాగ్ వరుస నంబరు. ఏళ్లపాటు చక్కగా నడిచిన కోడు, ఎక్కడో ట్రిగ్గరు పెట్టిన రోజు నుంచి తప్పు లెక్కలు రాస్తుంది. ‘స్కోప్ ఐడెంటిటీ’ వాడితే ట్రిగ్గరు లోపల జరిగినదాన్ని పట్టించుకోదు.

నా మనసుకు నచ్చింది మాత్రం పోస్ట్‌గ్రెస్ పద్ధతి. ఇన్సర్టు చివర ‘రిటర్నింగ్ ఐడీ’ అని రాస్తే చాలు, చేర్చిన వాక్యమే నంబరును చేతిలో పెడుతుంది. రెండో ప్రశ్న అక్కర్లేదు. 2006లో వచ్చిన 8.2 వెర్షను నుంచి ఈ సౌకర్యం ఉంది. ఎస్‌క్యూలైట్ 2021లో దీన్ని తెచ్చుకుంది. పది వరుసలు వేస్తే పది నంబర్లూ వస్తాయి.

డేటాబేసు వేసే ఈ నంబర్ల మధ్య ఖాళీలు చూసి లెక్కలవాళ్లు బెంగపడతారు. రోల్‌బ్యాక్ అయిన ఆర్డరు తీసుకున్న నంబరు మామూలుగా తిరిగి రాదు, అది పోయిన బిల్లు కాదు. బిల్లు నంబర్లు వరుస తప్పకూడదంటే వాటికి వేరే కాలమ్ పెట్టుకోవాలి.

ఆ రాత్రి తప్పును పట్టుకోవడానికి ఇన్సర్టుకీ మాక్స్‌కీ మధ్య ఐదు సెకన్లు ఆగమని కోడులో రాశాను. రెండు బ్రౌజర్లు పక్కపక్కన తెరిచి వెంటవెంటనే రెండు ఆర్డర్లు పెట్టాను. 1041 ఖాళీగా మిగిలింది, పుస్తకాలన్నీ 1042లోకి వెళ్లాయి. మాక్స్ తీసేసి లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ పెట్టి, ఆ ఐదు సెకన్లు అలాగే ఉంచి మళ్లీ నొక్కాను. 1043లో బొమ్మల కథలు, 1044లో ఎక్కాల పుస్తకం.