లేజర్ తాకని పొడి

పొడిని లేజర్‌తో కరిగించి వస్తువులు చేసే లేజర్ సింటరింగ్ యంత్రం చూడటానికి వచ్చినవాళ్ల చూపంతా లేజర్ మీదే ఉంటుంది. నా ధ్యాస మాత్రం అది తాకకుండా వదిలేసిన పొడి మీద. ఈ పనిలో మంచిచెడ్డలు తేలేది అక్కడే.

1980లలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్, ఆచార్యుడు జో బీమన్ రూపుదిద్దిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువగా వాడేది నైలాన్-12 పొడి. సుమారు 0.1 మిల్లీమీటరు మందాన పొర పరిచి, దాన్ని 170 డిగ్రీల సెల్సియస్ దాపున ఉంచుతారు. కరగడానికి ఇంకా కావలసిన కాస్త వేడిని లేజర్ ఇస్తుంది. అది గీసినచోట రేణువులు కరిగి కలిసిపోతాయి.

అలా పొర మీద పొర పేరుకుని చల్లారిన ముద్దను విడగొట్టి, బ్రష్‌తో దులిపి వస్తువును తీశాక, పెట్టె నిండా పొడి మిగులుతుంది. చూడటానికి కొత్తదే. జల్లెడ పడితే ఉండలు పోయి, వేళ్ల సందున మెత్తగా జారుతుంది. కానీ గంటల తరబడి వేడిలో మగ్గినప్పుడు నైలాన్ అణువుల గొలుసుల కొసలు ఒకదానితో ఒకటి ముడిపడి, నీటిని వదిలి, ఇంకా పొడవెక్కాయి. అందుకే అది కరిగినా చిక్కగా ఉండి సరిగా పారదు. దాన్నే పదేపదే వాడితే వస్తువు పైభాగం నారింజ తొక్కలా గతుకులు పడుతుంది. యంత్రం గదిలో నైట్రోజన్ నింపితే పసుపెక్కడం తగ్గుతుంది గానీ గొలుసులు పెరగడం ఆగదు.

పెట్టె నడుమ పొడి, అంచుల పొడి ఒకేలా పాతబడవు. నడుమ వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. రెండూ బాగా కలపకుండా తీసిన నమూనాను నేను నమ్మను. పొడి ఎంత పాతబడిందో తెలియడానికి నమూనాను కరిగించి, పైన బరువు పెట్టి, సన్నని రంధ్రం గుండా పది నిమిషాల్లో ఎంత దిగుతుందో కొలుస్తారు. పాతబడేకొద్దీ ఆ అంకె పడిపోతుంది. పాతదానిలో 30 నుంచి 50 శాతం కొత్తపొడి కలపడం రివాజు. ఏ డబ్బా ఎన్ని గంటలు వేడిలో ఉందో రాసిపెట్టని చోట ఆ శాతాలకు అర్థం లేదు.

ఈ పనికి నైలాన్-11 కూడా వాడతారు. దాని ముడిసరుకు ఆముదం. మన పాలమూరు, నల్లగొండ చెలకలు ఎరిగిన పంటే. అది గుర్తొస్తే పొడి పారబోయడానికి చేతులు రావు.

ఇక కలపడానికీ పనికిరాని పొడికి దారి లేకపోలేదు. ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించే పనికి అది పనికొస్తుంది. లేజర్ లేని మరో పొడి ముద్రణలో మిగిలిన సరుకుతో ఫోర్డ్, హెచ్‌పీ 2021లో ట్రక్కుల ఇంధన గొట్టాలకు క్లిప్పులు చేయించాయి.