దొరగారి వాద్యం

జోసెఫ్ హైడన్ అదృష్టవంతుడట. ఎస్టర్‌హాజీ ప్రభువుల నీడలో ముప్ఫై ఏళ్లు చీకూచింతా లేకుండా సంగీతం రాసుకున్నాడట. ఈ వారం రేడియోలో ఒకాయన ఈ మాటలంటుంటే విని ఒళ్లు మండింది. నరస్తుతి ప్రసక్తి వస్తే నేనెటుంటానో ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. నాది పోతన, త్యాగరాజుల పక్షం.

1761 మే 1 నాటి ఉద్యోగ ఒప్పందం చూడండి. తెల్ల మేజోళ్లు, కొలువు దుస్తులు, పౌడరు అద్దిన జుట్టు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి దొర గది బయట నిలబడి ఇవాళ సంగీతం కావాలో వద్దో కనుక్కోవాలి. జీతం ఏడాదికి 400 గుల్డెన్లు. రాసిందంతా దొరదే, నకలు గడప దాటకూడదు. ఈ చివరి షరతు తొలగడానికి 1779 దాకా పట్టింది.

ఆ ఒప్పందం రాయించుకున్న దొర తర్వాత వచ్చిన నికొలాస్ దొరకు బారిటాన్ అంటే పిచ్చి. ముందు తీగల్ని కమానుతో పలికిస్తూ, మెడ వెనకున్న లోహపు తీగల్ని ఎడమచేతి బొటనవేలితో మీటే వాద్యమది. తన వాద్యానికి చాలినన్ని రచనలు రావడం లేదని 1765లో హైడన్‌కి తాఖీదు పంపాడు. అంతటి విద్వాంసుడికి తాఖీదు! ఆ తర్వాత పదేళ్లలో బారిటాన్ త్రయాలే 126 దాకా పుట్టాయి.

ఆ కోపంలోనే వాటిని వెతికి పెట్టుకున్నాను. ఒకటి విని ఆపేద్దామనుకుంటే రాత్రి గడిచిపోయింది. దొర వేళ్లకు ఏది అందుతుందో హైడన్‌కి తెలుసు. అందుకే ఎక్కువగా ఏ, డీ, జీ మేజర్లలోనే తిరుగుతాడు. ఆ కాస్త చోటులోనే పాట ఎటు మలుపు తిరుగుతుందో ముందుగా పట్టుకోలేం. పక్కన వయోలా, చెల్లో ఉన్నాయి, అంతే. దొర పరువు ఎక్కడా పోదు, సంగీతం ఎక్కడా పలచబడదు. ఒక మనిషి శక్తినీ హద్దునూ ఇంత శ్రద్ధగా గమనించి రాయడాన్ని నరస్తుతి అనడానికి నాకు నోరు రావడం లేదు.

లోకానికి దూరంగా ఉండిపోవడం వల్ల తనదైన దారి తొక్కక తప్పలేదని హైడన్ ముసలితనంలో తన జీవితకథ రాసిన గ్రీజింగర్‌తో చెప్పుకున్నాడు. పైకి సర్దుకుపోయినవాడి మాటలా ఉంటుంది. ఈ త్రయాలు విన్నాక అది నిజమేననిపిస్తోంది.

ఒప్పందం అన్యాయమైనదే, ఆ మాట వెనక్కి తీసుకోను. నికొలాస్ 1790లో పోయాక, కొలువు కట్టుబాట్లు సడలాక రాసిన లండన్ సింఫనీలు పన్నెండూ మహాద్భుతాలే. అయినా హైడన్ పనితనం తెలుసుకోవాలనుకునేవారిని ముందు ఒక్క శ్రోత కోసం, ఆ శ్రోతే వాయించుకోవడానికి రాసిన ఈ చిన్న రచనల దగ్గరికే వెళ్లమంటాను.