రెండు శాతం వెనుక పనితనం

రాబర్ట్ బారో, జేవియర్ సాలా-ఇ-మార్టిన్ 1992లో ప్రచురించిన ‘కన్వర్జెన్స్’ వ్యాసం అనగానే అర్థశాస్త్రం చదివినవాళ్లకు ఒక అంకె గుర్తొస్తుంది: ఏడాదికి సుమారు 2 శాతం. అమెరికాలో పేద రాష్ట్రాలకూ సంపన్న రాష్ట్రాలకూ మధ్య ఎడం ఆ వేగంతో తరుగుతూ వచ్చిందట. అంటే సగం ఎడం తగ్గడానికే దాదాపు 35 ఏళ్లు. నాకు ఆ అంకె కన్నా దాన్ని రాబట్టిన తీరే ముచ్చటగా ఉంటుంది.

ఒకే దేశంలోని రాష్ట్రాలను ఎంచుకోవడంలోనే నేర్పు ఉంది. దేశాలను పోలిస్తే చట్టాలు, కరెన్సీ, పాలన అన్నీ వేరు. దేనివల్ల ఏది జరిగిందో తేలదు. ఇక్కడ ఆ చిక్కులు చాలావరకు విడిపోతాయి. 1880 నాటి లెక్కలు దొరికినవి 47 రాష్ట్రాలు, టెరిటరీలు. తలసరి ఆదాయంలోంచి పింఛన్లు, భృతుల వంటి ప్రభుత్వ బదిలీలను తీసేశారు. లేకపోతే వాషింగ్టన్ పంపిన సొమ్ము కూడా ఆ ప్రాంతపు ఎదుగుదలగానే కనబడేది.

అసలు పనితనం 1920ల దగ్గర బయటపడుతుంది. పంటల ధరలు కూలాయి. సేద్యం మీద బతికే రాష్ట్రాలు అప్పటికే పేదవి, ఇంకా కిందికి జారాయి. రాష్ట్రాల ఆదాయాల మధ్య వ్యత్యాసాన్ని చూపే కొలత 1920లో 0.33 ఉంటే 1930 నాటికి 0.40 అయింది. ముతకగా లెక్కేస్తే, పేద రాష్ట్రాలే వేగంగా ఎదుగుతాయన్న సిద్ధాంతం ఆ దశాబ్దంలో తలకిందులైనట్టే. వాళ్లు ఆ దశాబ్దాన్ని పక్కన పెట్టలేదు. ప్రతి రాష్ట్ర ఆదాయంలో సేద్యం వాటా ఎంతో సమీకరణంలో చేర్చారు. ధరల దెబ్బను విడిగా లెక్కగట్టేసరికి వేగం మళ్లీ 2 శాతం దరిదాపులకే వచ్చింది. ఇదంతా అమెరికా దక్షిణాది రాష్ట్రాలు పేదరికం నుంచి కోలుకోవడమేనా అన్న అనుమానానికీ జవాబుంది: ఒక్కో ప్రాంతం లోపల చూసినా వేగం ఇంచుమించు అంతే.

వ్యాసం వెలువడిన మరుసటి ఏడాదే ఆర్థికవేత్త డానీ క్వా గట్టి అభ్యంతరం లేవనెత్తాడు. పేదవి వేగంగా పెరిగినంత మాత్రాన అందరి మధ్య వ్యత్యాసం తగ్గినట్టు కాదు. పొడుగు తండ్రుల కొడుకులు సగటున తండ్రుల కన్నా కాస్త పొట్టిగా ఉన్నంత మాత్రాన ఊరంతా ఒకే ఎత్తుకు రాదు కదా. నిజమే. అయితే బారో, సాలా-ఇ-మార్టిన్ పేదవి వేగంగా పెరగడం, మొత్తం వ్యత్యాసం తగ్గడం అనే ఈ రెండు కొలతలనూ మొదటినుంచీ విడివిడిగానే ఉంచారు.

నాకు వెలితిగా తోచేది వలస. ఈ వ్యత్యాసం తగ్గడంలో దాని పాత్ర కొద్దిదేనని వీరిద్దరూ 1991 నాటి మరో వ్యాసంలో తేల్చారు. 2017లో పీటర్ గనాంగ్, డేనియల్ షోగ్ మాత్రం 1980 తర్వాత రాష్ట్రాల మధ్య ఎడం తగ్గడం మందగించడానికి ముఖ్య కారణం వలసలోనే చూపారు: సంపన్న రాష్ట్రాల్లో ఇళ్ల నిర్మాణంపై ఆంక్షలు పెరిగి ఇళ్లు ప్రియమయ్యాయి, చిన్న జీతగాళ్లు అక్కడికి వెళ్లడం తగ్గింది.